దొర బల్ల మీద వేసిన ఆకు

"సల్లారిపోతాది మామా, దిగొచ్చి తిని పో."

"సల్లారనీ మే. ఇది ఆరకముందే రుద్దాల. నువ్వు పో, నేను తింటాలే."

నేనూ మా ఆయనా ఆఖరున అనుకున్న మాటలు ఇవే. ఇంతకు మించి ఏమీ లేవు. రాసుకున్నావా అమ్మాయ్? బంగళా మేడం పుస్తకం వేస్తారట, అక్కడ పనిచేసినవాళ్ళ మాటలన్నీ అందులో ఉంటాయట. నాకు సంతకం గీయడం తప్ప అక్షరం రాదు. అందుకని నేను చెబుతుంటే మా ఆడబిడ్డ కూతురు రాస్తోంది.

ఆయన పరంజా మీద ఉన్నాడు. నేను కింద నిలబడి ఉన్నాను. క్యారియర్ కిటికీలో పెట్టి, ఇసుక జల్లించడానికి పెరట్లోకి పోయాను. కేక వినబడి పరిగెత్తి వచ్చేసరికి ఆయన్ని గోడ కింద పడుకోబెట్టి ఉన్నారు. గుండె అన్నారు. పైనుంచి పడలేదట, తనే దిగాడట, దిగి కూర్చున్నాడట. క్యారియర్ కోసం దిగాడో, ఊపిరాడక దిగాడో చెప్పగలిగినవాళ్ళు లేరు. క్యారియర్ మూత మాత్రం తీయలేదు. సాయంత్రం అది అలాగే ఇంటికి వచ్చింది. మనిషి ఆకలితో పోయాడు. నాకు గట్టిగా తెలిసింది ఇదొక్కటే. మిగతాదంతా గందరగోళం.

ఆ బంగళా మా ఊరి చివర, జువ్వలదిన్నె నుంచి సముద్రం పక్కగా వచ్చే దారిలో ఉంది. తెల్లదొరల కాలంలో ఉప్పు పండించే కొటార్ల మీద అజమాయిషీ చేసే దొర అందులో కాపురం ఉండేవాడట. తర్వాత గోడౌను చేశారు, తర్వాత గబ్బిలాలు చేరాయి. కొన్నేళ్ళ కిందట ఎవరో పెద్దవాళ్ళు దాన్ని తీసుకుని, మళ్ళీ పాతకాలం మాదిరి చేసి జనానికి చూపిస్తామని వచ్చారు. ఉప్పుగాలికి సిమెంటు నిలవదని గోడలన్నీ చెక్కించేసి, గానుగ సున్నం పూయాలన్నారు. మా ఆయన సున్నం పని మేస్త్రీ. రొయ్యల గుంటల డబ్బుతో అందరూ సిమెంటు ఇళ్ళు కట్టుకున్నాక ఆ పనికి పిలిచేవాడు లేడు. కబురు వచ్చిన రోజు ఆయన గడ్డం గీయించుకుని మరీ వెళ్ళాడు. నేను సున్నం మోశాను. భోజనాల గది గోడ సగంలో ఉండగా పోయాడు. మిగతా సగం వేరేవాళ్ళు రుద్దారు. ఎక్కడ మారిందో నాకు తెలుసు, చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఆయన పోయాక మేడం నాకు ఊడ్చే పని ఇచ్చింది. బంగళా తెరిచారు. బడి పిల్లలు వచ్చి సున్నంలో బెల్లం నీళ్ళు పోసి దంచుతారు. పున్నమి రోజు లాంతర్లు పెట్టి పాటలు పాడిస్తారు. భోజనాల గదిలో దొర బల్ల ఉంది. దాని మీద పింగాణీ కంచాలు, చెంచాలు, నడుమ పళ్ళెంలో ఒక పెద్ద చేప. చేప మైనంతో చేసింది. రోజూ దాన్ని గుడ్డతో తుడిచేది నేనే. గుమ్మానికి అడ్డంగా ఎర్ర తాడు కట్టారు.

చూడవచ్చినవాళ్ళకు ఇల్లు చూపించి చెప్పే ఆయన కావలి ఊరి మనిషి, నాటకాలు వేసినవాడు. ఆయన్ని ఒకరోజు అడిగాను.

"అన్నా, ఈ కంచాలు ఎవురికి పెట్టినట్టు?"

"ఎవురికీ గాదక్కా. చూసేదానికి."

"తినేదానికి గాదా?"

"మైనం చేప యాడ తింటారక్కా. ఆ పని మాత్రం చెయ్యబాక."

నవ్వాడు, నేనూ నవ్వాను. కానీ నాకు అర్థం కాలేదు. మా ఇళ్ళలో మనిషి లేని చోట వడ్డించి పెడితే దానికి ఒకటే అర్థం. చచ్చినవాళ్ళకు పెట్టినట్టు. ఆ దొర ఎక్కడ పోయాడో, ఆయనకు రోజూ పెట్టడమేమిటో, ఎన్నాళ్ళు తుడిచినా నాకు అంతుపట్టలేదు.

పెద్దదినం నాడు మా ఇంటి గోడ మీద ముద్ద పెడితే కాకి రాలేదు. మా మరిది చేతులు జోడించి, వదినను చూసుకుంటామని, ఇంకా ఏవేవో మొక్కాడు. రాలేదు. ముద్ద కాలవలో కలిపాం. ఏడాది తిరిగాక మళ్ళీ పెట్టాం. ఒక కాకి వచ్చి, మెడ తిప్పి చూసి ఎగిరిపోయింది.

మా ఆడబిడ్డ అంది: "జువ్వలదిన్నె కాకులు మే అవి. రొయ్యలు తిని మరిగినాయి. నీ పప్పన్నం వాటికేం కావాల?" తర్వాత ఆమే కళ్ళు తుడుచుకుని అంది: "మా అన్న ఈడ లేడులే. పోయిన కాడే ఉంటాడు. ఆడ పెట్టు."

అందుకని మరుసటి ఏడు ఆ తిథి నాడు తెల్లారగానే వండుకుని బంగళాకు పోయాను. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. నేల మీద పెడదామంటే అక్కడ కొత్త చాప పరిచారు, పులుసు మరక పడితే మేడం ఊరుకోదు. అందుకని ఒక కంచం పక్కకు జరిపి, దొర బల్ల మీదే ఆకు వేశాను. అన్నం, చేపల పులుసు, వంకాయ, ఒక పక్కన బీడీ కట్ట. మైనం చేప పక్కనే నా చేప. గోడకు ఎదురుగా కుర్చీ పెట్టి, కిటికీ తెరిచి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. జనం వచ్చేలోపు తీసేద్దామనుకున్నాను.

కిటికీ ఊచ మీద రెక్కల చప్పుడు అయింది. కళ్ళు తెరిస్తే కాకి. అంతలో బయట బస్సు హారన్ కొట్టింది, అది పోయింది. పింఛను తీసుకునే నెల్లూరు పెద్దవాళ్ళు, చెప్పిన వేళకు ముందే వచ్చేశారు. కావలి అన్న వాళ్ళను తీసుకుని గుమ్మం దాకా వచ్చి, ఆకు చూసి ఒక్క క్షణం ఆగాడు. నాటకాలు వేసినవాడు కదా, తడబడలేదు.

"ఇది ఈ రోజు ప్రత్యేకం అండీ. దొర తిన్న బల్ల మీద ఈ ఇల్లు కట్టినోళ్ళ బోజనం."

వాళ్ళలో ఒక పెద్దాయన తాడు విప్పి లోపలికి వచ్చాడు. కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. ఆయన భార్య గుమ్మం దగ్గరి నుంచి పిలిచింది.

"ఏందండీ, సిగ్గు లేకుండా. లెయ్యండి."

"టిక్కెట్టులోనే బోజనం అన్నారు గదా. షుగరు మనిషిని, పొద్దుట్నించీ ఏం తిన్లా. నువ్వుండు."

నేను లెమ్మని చెప్పొచ్చు. కానీ ఆకు ముందు కూర్చున్న మనిషిని లేపకూడదు. మా అమ్మ నాకు నేర్పింది అంతే. ఆయన చెయ్యి అన్నంలో పెట్టాడు. చేప తల ముందు తిన్నాడు. బీడీ కట్ట పక్కకు నెట్టాడు.

"ఇంకాస్త పులుసు ఉందా తల్లీ?"

పోశాను. వెనకున్నవాళ్ళు మాకేదీ, మా ఆకులేవీ అని వేళాకోళం చేస్తున్నారు.

"సరిపోయిందా అయ్యా?" అని అడిగాను.

"కడుపు నిండింది."

చెంబుతో నీళ్ళు పోస్తే ఆకులోనే చెయ్యి కడుక్కుని లేచాడు. భార్య వెంట పోయి బస్సెక్కాడు.

మేడం వచ్చి ఉద్యోగం తీసేస్తుందనుకున్నాను. కానీ చాలా బాగుందట, జనం ఫొటోలు తీసుకున్నారట, నెలనెలా పెడదామంది. మేస్త్రీ భోజనం అని పేరు కూడా పెట్టేసింది. సాయంత్రం నేను అసలు సంగతి చెప్పాను.

"అయితే ఇంకా మంచిది కదమ్మా. ఆయన జ్ఞాపకంగానే పెడదాం," అంది.

ఏది మంచిదో నాకు తెలియలేదు. ఇంటికొచ్చి చెబితే ఇద్దరూ రెండు మాటలన్నారు.

"కాకి రాకపోతే మనిషే వచ్చినాడు. ఇంకేం కావాల నీకు?" అంది ఆడబిడ్డ.

"టిక్కెట్టు కొని తిన్నాడంట గదా. అది పెట్టినట్టు గాదు వదినా, అమ్మినట్టు," అన్నాడు మరిది.

రోజూ ఊడుస్తూ అదే ఆలోచిస్తాను. వచ్చింది మా ఆయనే అయితే చెయ్యి కడుక్కోకముందే గోడ చూసేవాడు. ఆ రెండో సగం ఎవరు రుద్దారని తిట్టేవాడు. ఆ పెద్దాయన గోడ వైపు తల ఎత్తలేదు. ఆయన కాదు అనుకుంటాను. మళ్ళీ, ఆకలిగా ఉన్న మనిషి ఏ గోడ చూస్తాడు? అన్నం మీదే కదా చూపు. అంత ఆకలి ఇంకెవరిది? అనుకుంటాను. చీపురు పక్కన పెట్టి ఆ కుర్చీ వైపు చూస్తాను. ఏమీ తేలదు.

మేడం నా జవాబు కోసం కాచుకుని ఉంది. ఇదే నా జవాబు, రాయి. వండమంటే వండుతాను. వరండాలో బల్లలు వేసి ఎంతమంది వస్తే అంతమందికి వడ్డిస్తాను. మేస్త్రీ భోజనం అని పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఆ గదిలో, ఆ గోడ ముందు మాత్రం ఆకు వేయను. ఆయన తిని ఉంటే, తిన్నవాణ్ణి నెలనెలా రమ్మనడం ఎగతాళి చేసినట్టు. తినకపోయి ఉంటే, ఆ కుర్చీలో టిక్కెట్టు ఉన్నవాళ్ళు కూర్చుంటుంటే ఆయన ఎక్కడ కూర్చుంటాడు?

ఇంక రాయొద్దు. మొదటి నుంచి చదువు అమ్మాయ్, గట్టిగా చదువు. ఆయన తిన్నాడని నేను ఎక్కడైనా అన్నానా, అనలేదా, నా చెవులతో వినాలి.