ఆలస్యంగా పడిన చప్పట్లు

దయ్యం కథలకు మా ఇంట్లో చోటు ఉండేది కాదు. మా నాన్న వాటిని అవిశ్వాసం అనేవాడు. చదువుకున్నాక నేను వాటిని సోమరితనం అనుకున్నాను, కారణం వెతికే ఓపిక లేనివాళ్లు చెప్పుకునేవని. బందరులో గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. ఆ రకం పుస్తకాలు చాలానే చదివాను. ఒక్కటీ నన్ను కదిలించలేదు. ఇది కూడా నమ్మమని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలని రాస్తున్నాను.

నా భార్య రాహేలు పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. మొవ్వ దగ్గర తను పుట్టిన ఊళ్లో ఒక ఆదివారం జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ప్రార్థన, వాక్యం, భోజనం చాలు, పాటలు వద్దని నేను పట్టుబట్టాను. మా అమ్మాయి సునీతకీ, రాహేలు అక్క మార్తమ్మ వదినగారికీ అది మింగుడుపడలేదు. పాటలు లేని కూడిక ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు.

నా ఇబ్బంది చప్పట్లతో. ఆ ఊళ్లో మొదట కీర్తనలు నేర్పిన పెద్దాయన అంతకుముందు చెక్కభజన చేసేవాడట. అందుకని అక్కడివాళ్లు దరువు పడినచోట కాకుండా, కాస్త ఆగి, ఆ తర్వాతి ఖాళీలో చప్పట్లు కొడతారు. పెళ్లయి బందరు వచ్చాక కూడా రాహేలు అలాగే కొట్టేది. గుడి మొత్తం ఒకసారి, తను ఒక్కతే తర్వాత. చేతులు కొంచెం దొన్నెలా వంచి కొట్టేది కాబట్టి చప్పుడు మెత్తగా ఉండేది. రాహేలమ్మకి తాళం రాదని అందరూ నవ్వేవాళ్లు. "తొందర మీకేనండీ, నాకు కాదు" అనేది.

తను పోయాక పాట మొదలవగానే నేను లేచి గుడి బయటికి వెళ్లిపోయేవాణ్ని. అందరి చప్పట్ల తర్వాత ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోవడం వినలేకపోయాను.

కూడిక ఏర్పాట్లకని ఒక పొద్దుట ముగ్గురం సునీత కారులో ఆ ఊరికి బయల్దేరాం. దారిలో పొలాల మధ్య కొత్తగా కట్టిన సాంస్కృతిక కేంద్రం ఉంది. చూద్దామని సునీత ఎప్పటినుంచో అంటోంది. వదినగారికి బాత్రూం అవసరం పడటంతో అక్కడ ఆగాం.

ఎక్కడా నిలువు గోడ లేదు. ఒకే కాంక్రీటు పెంకు నేలలోంచి లేచి, వంగి, అవతల నేలలో కలుస్తుంది. స్తంభం ఒక్కటీ లేదు. నాట్లకు నీళ్లు పెట్టిన మడిలో దాని నీడ పడి గుండ్రం పూర్తయింది. బోర్లించిన పడవ ఆకారం అని బోర్డు మీద రాశారు.

వదినగారు కారు దిగి ఒకసారి చూశారు. "పడవేంటి, చేట బోర్లించినట్టుంది. ఇంత చేటతో ఎవరు చెరుగుతారో."

లోపల హాలు చూపించడానికి ఒకావిడ వచ్చింది. పైన సన్నటి చీలికలోంచి ఎండ ఒక గీతలా నేల మీద పడుతోంది. మేం తప్ప ఆ హాల్లో ఎవరూ లేరు. పెంకుకి లోపలివైపు చెక్క, గుడ్డ వేసి కట్టారని, చప్పుడు ఒక్కసారే స్పష్టంగా వినిపిస్తుందని, తిరిగి రాదని ఆవిడ చెప్పింది. "కావాలంటే కలిసి ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి" అంది.

నేనూ, సునీతా, ఆవిడా కొట్టాం. కాస్త ఆగి ఇంకొకటి వినిపించింది, మెత్తగా.

ముగ్గురం వదినగారి వైపు తిరిగాం. ఆవిడదీ అదే ఊరు, అదే పద్ధతి. ఆవిడ బాత్రూం నుంచి అప్పుడే వచ్చి తడిచేతులు కొంగుకి తుడుచుకుంటున్నారు.

"నన్ను చూస్తారేంటి మరిదిగారూ? నేనింకా కొట్టనే లేదు."

మళ్లీ కొట్టాం. ఈసారి ఆవిడ రెండు అరచేతులూ చాచి నాకు చూపిస్తూ నిలబడ్డారు. మళ్లీ వచ్చింది, అదే ఖాళీలో.

"ఇదెప్పుడూ లేదండీ" అంది చూపించే ఆవిడ.

సునీతకు నవ్వు వచ్చింది. భయపడి నవ్వింది కాదు. వాళ్లమ్మ వంటింట్లోంచి ఏదో అంటే నవ్వినట్టు నవ్వింది. వదినగారు చేతులు చాచినవాళ్లు చాచినట్టే ఒక పాత కీర్తన ఎత్తుకున్నారు. మేం దరువుకి కొట్టాం. చరణం పొడుగునా ప్రతి దరువు వెనకా ఆ మెత్తటి చప్పుడు వచ్చింది. ఒక్కసారీ తప్పలేదు.

నేను అందరి చేతులూ చూస్తూనే ఉన్నాను. ఆ వెనక చప్పట్లు మాలో ఎవరివీ కావు. ఫోన్ తీసి రికార్డు చేయాలని ఎవరికీ తోచలేదు. అందరం నవ్వుతున్నాం, చూపించే ఆవిడతో సహా. పాట అయిపోయేసరికి నా చొక్కా ముందుభాగం తడిసి ఉంది. ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకు తెలియలేదు. ఏడాదిలో నేను ఒక పాట చివరిదాకా ఉన్నది అదే మొదటిసారి.

కారెక్కాక వదినగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అన్నారు. "ఆదివారం పాటలు లేకపోతే మా చెల్లి ఊరుకునేట్టు లేదు."

"పెట్టించండి" అన్నాను.

"డోలక్కో?"

"డోలక్ కూడా."

ఆదివారం ఊరు ఊరంతా తన పద్ధతిలో చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఎక్కడ కొట్టాలో తెలియక నేను తడబడుతుంటే పక్కనున్న ముసలావిడ నా మోచేయి పట్టుకుని, "ఆగండి అల్లుడుగారూ, ఇప్పుడు" అని నేర్పింది. అన్నం చల్లారిపోతోందని వంటవాళ్లు రెండుసార్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అయినా ఇంకో పాట అడిగింది నేనే.

తర్వాత ఆ కేంద్రానికి ఒక్కణ్నే వెళ్లాను. చప్పట్లు కొట్టి చాలాసేపు నిలబడ్డాను. ఏమీ రాలేదు. కట్టినవాళ్లలో ఒక ఇంజనీరు కనిపిస్తే అడిగాను. ఏ మూల నుంచో తిరిగొచ్చిన చప్పుడే అనుకున్నా, మేం కొట్టిన చప్పుడే చిన్నగా తిరిగి రావాలి గానీ వేరే చేతుల చప్పుడులా ఉండదని చెప్పాడు. అంతకన్నా ఆయనకీ తెలియదు.

అది ఎలా వినిపించిందో నేను ఇప్పటికీ చెప్పలేను. ఎవరిదని అడిగితే మాత్రం మేం ముగ్గురం ఒకటే పేరు చెబుతాం.