నాయిన చెప్పని మాట

మా ఊరు మేడ్చల్‌కూ షామీర్‌పేటకూ నడుమ ఉంటుంది. పోచమ్మ బోనాలకు డప్పు కొట్టడం మా ఇంటి వెట్టి. మేము క్రైస్తవులమైనా దొర దాన్ని వదలలేదు. ఏటా ఆయన మనిషి వాకిట్లోకి వచ్చి నిలబడితే, నాయిన డప్పు భుజాన వేసుకుని వెనకే వెళ్లేవాడు.

మా క్రైస్తవ సంఘంలో ఒక కట్టడి ఉండేది. దేవత ముందు డప్పు కొట్టినవాడు, ఇక కొట్టనని అందరి ఎదుట లేచి చెప్పేదాకా ప్రభు భోజనానికి రాకూడదు. మిగతావాళ్లు ఏటా చెప్పేవారు, మళ్లీ కొట్టేవారు. నాయిన చెప్పలేదు. ఆ భోజనంగా రొట్టె, ద్రాక్షారసం పంచే ఆదివారాల్లో ప్రార్థన గుడిలో వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు.

"గా డప్పు పొయ్యిల పెట్టరాదు" అనేది అమ్మ.

"పెడ్త. ఎనకనే దొర నన్ను పెడ్తడు."

ఆ వానాకాలం దగ్గు ఆయన్ను మంచాన పడేసింది. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరకు పిలిచాడు.

"బిడ్డా, మిషన్ బడిల సదువుకున్నవు గద. సచ్చినంక నాకు రక్షణ ఉన్నదా?"

బడిలో అడిగితే నోరు విప్పని నేను, ఆయనకు మాత్రం చెప్పగలిగాను. "మనం జేసిన పనులను జూసి ఇయ్యడు నాయినా. ఊరకనే ఇస్తడు."

"ఊరకనే ఇచ్చేదానికి నన్ను గోడకెందుకు కూసోవెట్టిన్రు?"

నేను చదివిన పుస్తకాల్లో పాపులు ఎందరో ఉన్నారు, వాళ్లకు దొరలు లేరు.

రెండు మూడు రోజులకు మా సంఘం ఉపదేశి రొట్టె, గిన్నె తెల్లగుడ్డలో కట్టుకుని ఇంటికి వచ్చాడు. చెడ్డవాడు కాడు. బురదలో అంత దూరం నడిచి వచ్చాడు.

"ఇగ కొట్టనని ఒక్కమాట జెప్పు. సంఘం తరఫున నేను వింట."

"అబద్ధమైతది అయ్యగారూ."

"ఎట్లయితది? నువ్వు లేసేదెక్కడ, కొట్టేదెక్కడ?"

నాయిన దగ్గు ఆపుకున్నాడు. "బతికితే?"

ఉపదేశి చేతిలోని మూటను సర్దుకున్నాడు.

"బతికితే పోవాలె గద. దేవునికి తెల్వదా?"

అమ్మ నాయిన కాళ్లు పట్టుకుని, చెప్పమని బతిమాలింది. నాయిన కళ్లు మూసుకున్నాడు. ఉపదేశి ప్రార్థన చేసి, విప్పని మూటను చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున నాయిన పోయాడు.

సమాధి దగ్గర ఉపదేశి ప్రార్థనల పుస్తకం తెరిచి చదివాడు. చనిపోయినవాళ్లకు చదివే ఆ వరుస నాకు కంఠతా వచ్చు. ఈ మనిషి తిరిగి లేస్తాడన్న నిశ్చయమైన నిరీక్షణతో ఇతన్ని మట్టికి అప్పగిస్తున్నామని చెప్పే చోటుకు రాగానే, ఆయన ఆగాడు. ఆ వాక్యం చదవకుండానే, తల ఎత్తకుండా పేజీ తిప్పి, ఆ తర్వాతి ప్రార్థన అందుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే చదువురాని అమ్మ అంది, "మంచిగ సదివిండు గద."

"మంచిగ సదివిండు" అన్నాను.