మిరప చేలో నేను సాధించిన ఎనిమిది గంటలు

చట్టాన్ని నమ్ముకుని మా పెద్దమ్మ కూతురి పెళ్లిచూపులు నేను ఎలా చెడగొట్టబోయానో చెబుతాను. ఆ రోజు మా వాళ్లు నన్ను మిరపకాయలతో పాటు కల్లంలో ఎండబెట్టలేదంటే అది వాళ్ల మంచితనమే తప్ప నా గొప్పేమీ లేదు.

అప్పుడు నేను గుంటూరులో లా మొదటి సంవత్సరం చదువుతున్నాను. కార్మిక చట్టాల మీద నాలుగు పాఠాలు విన్నానో లేదో, నా నడకే మారిపోయింది. సెలవులకు గురజాల దగ్గరున్న మా ఊరికి వస్తూ, మీకు ఓవర్‌టైం సరిగ్గా ఇస్తున్నారా అని బస్సు కండక్టర్‌ని నిలదీశాను. ఆయన చిల్లర లేదన్నాడు.

మా అమ్మ మిరప కోతలకు వెళ్తుంది. ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి ఒక ముఠాగా వెళ్తారు. ఆ ముఠాకు మేస్త్రి మా సువార్తమ్మ పెద్దమ్మ, అమ్మకు సొంత అక్క. వాళ్లకో పద్ధతి ఉంది. పొద్దున ఏడింటికల్లా చేలో దిగుతారు, ఒంటిగంటకు ఎండ ముదరగానే బయటికి వచ్చేస్తారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గానీ, మా వైపు ఏ రైతూ దాన్ని కాదన్న పాపాన పోలేదు. ఇదంతా నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కానీ కొత్తగా చదువు తలకెక్కిన వాళ్లకు కళ్ల ముందున్నది కనపడదు, మీరూ చూసే ఉంటారు.

ఆ రోజు ముఠాలో ఒక మనిషి తక్కువైతే అమ్మ నన్ను తీసుకెళ్లింది. మధ్యాహ్నం మూడింటికి పెద్దమ్మ కూతురు రాణిని చూడటానికి వినుకొండ నుంచి వస్తున్నారు. పిల్లా పిల్లాడూ అప్పటికే ఫోన్లో మాట్లాడుకుని ఇష్టపడ్డారు. పిల్లాడి తల్లి మాత్రం మర్యాదల దగ్గర చానా పట్టింపు మనిషట. వచ్చేసరికి గుమ్మంలో ఎదురొచ్చే మనుషులు లేకపోతే ఆటో దిగకుండానే వెనక్కి తిప్పుతుందని పెద్దమ్మ భయం. అయినా ఆ చేను రైతు సాంబయ్య మామకు ముందే మాటిచ్చింది కాబట్టి పనికి వచ్చింది. ఆయన చేనంతా పండి ఉంది, ఆకాశమేమో మబ్బు పట్టి ఉంది.

పదింటికి మామ టీ తెచ్చాడు. అందరూ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. ఇంతకన్నా మంచి సభ మళ్లీ దొరకదనిపించింది. కాయల గోతం మీదెక్కి కూర్చుని గొంతు సవరించుకున్నాను.

"ఎనిమిది గంటలకు మించి మీతో పని చేయించే హక్కు ఎవరికీ లేదు. నడుమ విశ్రాంతి మీ హక్కు. మంచినీళ్లు మీ హక్కు. నీడ మీ హక్కు."

అమ్మ నా వైపు చూస్తూ కళ్లు పెద్దవి చేసింది. కూతుర్ని చూసి మురిసిపోతోందనుకుని గొంతు ఇంకాస్త పెంచాను.

"ఎన్ని గంటలన్నావమ్మాయ్?" అన్నాడు సాంబయ్య మామ.

"ఎనిమిది మామా," అన్నాను ఠీవిగా.

మామ వేళ్లు మడిచి లెక్కేశాడు. "ఏడింటికి దిగారు. నువ్వన్న విశ్రాంతి అరగంట కలుపుకుంటే మూడున్నర. ఇన్నేళ్ల నుంచి నాకీ సంగతి ఎవురూ చెప్పలా చూడు."

చేలో ఒక్కరూ టీ మింగలేదు. మూడింటికి ఇంటికి చుట్టాలొస్తున్నారని పెద్దమ్మ గుర్తు చేసింది. "నేనేం చేసేదక్కా, చట్టమంట. లాయరమ్మే చెబుతా ఉంది," అన్నాడాయన, నా మీద నిజమైన గౌరవంతో.

నేను గోతం మీద నుంచి దిగాను. "అంతకు మించకూడదని మామా, అంతసేపూ చెయ్యాలని కాదు."

"మించట్లేదుగా," అన్నాడు.

సరే, నీడేదని అడిగాను. బండేసుకుని వెళ్లి టార్పాలిన్ పట్టా తెచ్చి కట్టాడు. నీళ్లేవని అడిగాను. చల్లటి నీళ్ల క్యాను దించాడు. చివరి అస్త్రంగా, పని చేసే తల్లుల పిల్లల్ని చూసుకోవడానికి మనిషిని పెట్టాలని చెప్పాను. ముఠాలో ఒకామెకు చంటిపిల్ల ఉంది. మామ ఆ పిల్లను తెచ్చి నా చంకనేశాడు, కూలీ ఇస్తానని కూడా చెప్పాడు. నేనొక్కో హక్కు సాధిస్తున్న కొద్దీ, మూడున్నర దాకా ఉంచుకున్నా తప్పులేదన్న ధైర్యం ఆయనకు పెరిగింది. పెద్దమ్మ మాత్రం నన్ను దాటుకుని పోయి గబగబా కాయలు కోసుకుంటూ ఉంది. తిట్టినా బాగుండేది.

ఒంటిగంటకు అమ్మ నడుము ఎత్తి నిలబడింది.

"సాంబయ్యన్నా, మేం పోతన్నాం."

"మూడున్నర..." అన్నాడాయన.

"రేపు రాం," అంది అమ్మ.

మామ ఒకసారి మబ్బు వైపు చూశాడు, ఒకసారి ఎర్రగా పండిన చేను వైపు చూశాడు. "అట్టంటావేంది చెల్లెమ్మా. పోండి, చుట్టాలొస్తన్నారంటిరిగా. ఆటో నేనే పిలుస్తా."

అమ్మను చూసి నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు. ఆ రెండు మాటల మీద నా పుస్తకంలో ఒక పెద్ద అధ్యాయమే ఉంది. సమ్మె అంటారు దాన్ని. మా క్లాసులో పాఠం ఇంకా అక్కడి దాకా రాలేదు.

చుట్టాలొచ్చేసరికి ముఠా మొత్తం గుమ్మంలో నిలబడి ఉంది. మిరప ఘాటు ఇంకా వదలక అందరూ తుమ్ముతూనే నమస్కారాలు పెట్టారు. పిల్లాడి తల్లి నవ్వుతూ ఆటో దిగింది. కాఫీలయ్యాక పిల్లాడు మెల్లగా నా పక్కకొచ్చాడు. వినుకొండలో బట్టల షాపులో పని చేస్తాడట.

"వదినా, మా షాపులో రాత్రి పదింటి దాకా నిలబెడతన్నారు. మీరు లా చదువుతన్నారంట, దీనికేమన్నా ఉందా?"

వదినా అన్నాడంటే సంబంధం కుదిరినట్టే. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. నేను నోరు తెరిచానో లేదో, అమ్మ పళ్లెంలోంచి ఒక మైసూర్‌పాక్ తీసి ముక్కలు చెయ్యకుండా మొత్తం నా నోట్లో కుక్కింది.

అది నములుతూనే, కళ్లు మూసుకుని ఒక ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఎవరికైనా హక్కులు చెప్పాల్సి వస్తే, ముందు వాళ్లు ఇంటికి ఎన్నింటికి పోతున్నారో అడిగి తెలుసుకుంటాను. ఒంటిగంట అంటే గోతం దగ్గరికి కూడా పోను, బుద్ధిగా కాయలు కోసుకుంటాను.

ఈ పిల్లాడు రాత్రి పది అన్నాడు. అమ్మ అటు తిరిగేదాకా ఆగి, గబగబా మింగేసి, అతని పక్కన కుర్చీ వేసుకున్నాను.