పక్క రూటరు ఒప్పుకోవలసిన రోజులు

గుర్‌గావ్‌లో పనిచేసే మా అమ్మాయి నిన్న టిఫిన్ తింటూ, వాళ్ళ ఆఫీసులో రూటర్ల సాఫ్ట్‌వేరు పట్టపగలే మార్చారనీ, ఒక్కరికీ కనెక్షన్ తెగలేదనీ మామూలు కబురులా చెప్పేసరికి నేను ఇడ్లీ పక్కన పెట్టి మళ్ళీ చెప్పమన్నాను. ఆ పని దగ్గరే నా ఉద్యోగం పోయింది మరి.

అప్పట్లో రాజధానిలోని కటవారియా సరాయ్‌లో చిన్న గదిలో ఉంటూ, ఓ పెద్ద ఆఫీసులో ఏడాది కాంట్రాక్టు మీద నెట్‌వర్కు పని చేసేవాణ్ణి; ఆ నెలాఖరుకి దాన్ని పొడిగిస్తారో లేదో తేలాలి. నాకు ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. తెలిసిందంతా లైబ్రరీలో లావుపాటి పుస్తకాల ముందు కూర్చుని, నోట్సు రాసుకుని నేర్చుకున్నదే, అది చెప్పుకోవడానికి నేనెన్నడూ సిగ్గుపడలేదు. రూటరు కొత్త సాఫ్ట్‌వేరుతో మళ్ళీ మొదలయ్యే ఆ రెండు నిమిషాలూ పక్క రూటరుకి జవాబివ్వదనీ, ఇది పోయిందనుకుని పక్కది దీని మీదుగా పోయే దారులన్నీ చెరిపేస్తుందనీ, అలా చెరపకుండా కాసేపు ఆగేట్టు రెండువైపులా ముందే అమర్చుకుంటే పాత దారుల్లోనే రాకపోకలు సాగుతాయనీ ఆ చదువే నాకు చెప్పింది.

ఆ నెలలోనే మా రూటరుకి కొత్త సాఫ్ట్‌వేరు వెయ్యాల్సి వచ్చింది. చిక్కేమిటంటే, పక్క రూటరు ఎదుటి బిల్డింగులోని మరో సెక్షనుది. ఆ సెక్షను మేడమ్‌కూ మా సెక్షను సారుకూ ప్రమోషను తగాదాతో ఏళ్ళుగా మాటల్లేవు. నేనేమో మీటింగులో, అందరి ముందూ, పేజీ నంబరుతో సహా ఈ సంగతి చెప్పాను. మా సారు ముఖం మాడిపోయింది.

"ఏమయ్యా లైబ్రరీ పండితుడా, ఆవిడకి నేను అర్జీ పెట్టుకోవాలా? ఠీక్ హై, నువ్వే వెళ్ళి కాళ్ళు పట్టుకో!"

వెళ్ళాను. మేడమ్‌ది కరీంనగర్ వైపు. నాకు కుర్చీ కూడా చూపించలేదు.

"మీ సారుకు చేతులు లేవా? రాసిస్తె చేస్త. నోటిమాట మీద నా రూటర్‌ను ముట్టనియ్య."

ఆయన రాయలేదు, ఆవిడ అమర్చలేదు. వాయిదా వెయ్యమని బతిమాలినా వినకుండా, శనివారం సగం మందే ఉంటారని, మధ్యాహ్నం నా చేతే రీస్టార్టు చేయించారు. పక్క రూటరు దారులన్నీ చెరిపేసింది. మాది లేచి, అవన్నీ తిరిగి తెలుసుకునేదాకా రెండు బిల్డింగుల్లోనూ పని ఆగిపోయింది. సోమవారం మా సారు, నేను పుస్తకాలు చదివి సొంత ప్రయోగాలు చేశానని రిపోర్టు రాశారు. దాని మీద మేడమ్ కూడా సంతకం పెట్టింది. పలకరింపులు కూడా లేని ఆ ఇద్దరూ కలిసి చేసిన పని, నాకు తెలిసి, అదొక్కటే. నా కాంట్రాక్టు పొడిగించలేదు.

ఇప్పటి పెద్ద రూటర్లలో మెదడులా నడిపించే కార్డులు రెండేసి ఉంటాయి, ఒకదాన్ని మారుస్తుంటే రెండోది మాట తెగకుండా అందుకుంటుంది, పక్కదానికి ఆ సంగతే తెలియదు. ఇదీ చదివే తెలుసుకున్నాను. ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు. మంచిదే, నాలాంటివాడికి ఎవరి గుమ్మంలోనూ నిలబడే ఖర్మ పట్టదు. కానీ యంత్రాలు ఇంతగా మారడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. మేడమ్‌కి రెండు వాక్యాలు రాసివ్వడానికి మా సారుకి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషాన్ని నేను ఇవాళ్టికీ క్షమించలేదు.