దాని మెరుపు

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. అందుకే ఏ కాగితం కనబడినా వేలు పెట్టి చదువుతాను. ఆ ఉదయం మనవరాలి బల్ల మీద ఒక్క కాగితం ఉంది. రెండో పేజీ.

"ఒత్తిడి పెరిగేకొద్దీ దాని స్వభావం మారుతుంది. మెరుపు పోతుంది. లోపల ఎటూ కదిలే చోటుండదు. ఇంకా నొక్కితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు."

మా ఇంట్లో 'అది' అంటే మనవరాలే. ఒత్తిడి అంటే టీవీలో రోజూ చెప్పేదే, చదువుకునే పిల్లలు ఏదో ఒకటి చేసుకోవడం. వారం నుంచి అది సరిగా తినడం లేదు. కాగితం జేబులో పెట్టుకున్నాను.

ఫోన్ చేస్తే స్విచాఫ్. ధూల్‌పేట్‌లో ఆటో ఎక్కి దాని కాలేజీకి బయలుదేరాను. లాడ్ బజార్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం.

"జల్దీ పో భాయ్!"

"ఎగిరి పోవాల్నా బాపూ?" అన్నాడు ఆటోవాడు.

మిఠాయిల మీద అద్దే వెండి వరఖ్ నలభై ఏళ్లు కొట్టినవాణ్ణి నేను. తోలు కట్టలో వెండి పెట్టి సుత్తితో బాదుతుంటే లోపల రేకు చిరిగినా చప్పుడు రాదు. కట్ట విప్పితేనే తెలుస్తుంది. దారంతా అదే గుర్తొచ్చింది.

కాలేజీ గేటు దగ్గరికి పిలిపిస్తే పరుగెత్తుకొచ్చింది.

"తాతా, నువ్వేంది ఈడ? క్లాసుల ఉన్న, ఫోన్ బంద్ చేసిన."

కాగితం చూపించాను. "మెరుపు పోతదని రాసినవ్. ఏమైందే నీకు?"

చదివి పగలబడి నవ్వింది. "అది నేను కాదు తాతా, సోడియం! మెత్తటి లోహం. రెండు వజ్రాల మొనల నడుమ పెట్టి, పెద్ద గ్రహాల కడుపుల ఉన్నంత గట్టిగ నొక్కితే గాజు లెక్క అయితది. అవతలిది కనిపిస్తది. బడి పిల్లలకు తెలుగుల చెప్పాలె, గందుకే రాసుకున్న."

"లోహంలకెల్లి అవతలిది కనిపిస్తదా? నన్ను ఎడ్డోణ్ణి చేస్తున్నవా?"

"ఒట్టు తాతా."

"మరి అన్నమెందుకు తింటలేవ్?"

దాని నవ్వు ఆగిపోయింది. "రేపే చెప్పాలె. గంత మంది ముందట నోరు లేస్తదో లేదో. మస్తు భయమైతుంది."

ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌లో కూర్చోబెట్టాను. "నాకు చెప్పు. నాకు సమజైతే పిల్లలకూ సమజైతది."

మొదలుపెట్టింది. మూడో మాటకే తడబడింది.

"బిస్కెట్ తిను. మళ్ల మొదటికెల్లి చెప్పు" అన్నాను.

ఆ కాగితం ఇంకా నా పిడికిట్లో నలుగుతూనే ఉంది. ఆ చెయ్యి దానికి కనబడకుండా బల్ల కింద పెట్టుకుని విన్నాను.