ఒక్క ‘నువ్వు’ కోసం

ఫ్రాన్సిస్ హనుమకొండలో ఒక సర్కారు ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా అటెండరు. ఫైళ్ళు మోయడం, చాయ్ తేవడం, వచ్చినవాళ్ళకు కుర్చీ చూపించడం ఆయన పని. ఆ ఎండాకాలం రమాకాంత్ అని ఒకతను కొత్తగా జూనియర్ అసిస్టెంటుగా చేరాడు. పాతికేళ్ళు కూడా నిండలేదు. మొదటి రోజే ఒక కాంట్రాక్టరు వస్తే, “కూర్చోండి సార్, మీరు చాయ్ తాగుతరా?” అని అడిగి, ఆ మాట ముగిసీ ముగియకముందే ఫ్రాన్సిస్ వైపు తిరిగి, “నువ్వు జల్ది పోయి రెండు చాయ్ పట్కరా” అన్నాడు. తిట్టలేదు, కసురుకోలేదు. అంత మామూలుగా అనడమే ఫ్రాన్సిస్‌కు ముల్లులా గుచ్చుకుంది.

కొంతమంది సొంతంగా భాషలు తయారుచేసుకుంటారని అంతకుముందు ఫోనులో ఒక వీడియో చూశాడు. పెద్దకూ చిన్నకూ ఒకే ‘నువ్వు’ ఉండే భాష నేనెందుకు చేయకూడదు అనిపించింది. ఇంటికి పోతూ నోట్‌బుక్కు కొన్నాడు.

తెలుగులో లేని శబ్దాలు పెడదామని గొంతులోంచి గరగరలాడిస్తే దగ్గు తెరలు వచ్చాయి. సరే, ఉన్నవాటితోనే సర్దుకున్నాడు. ‘నువ్వు’కు ‘ఓల’. నీళ్ళు ‘సిమ’. తాగడం ‘కేరు’. నెల తిరిగేసరికి అరవై మాటలు. డిగ్రీ చదువుతున్న కూతురు కీర్తనకు మురిసిపోతూ చూపించాడు.

“డాడీ, ఇది తెలుగే గదా. మాటలకు ముసుగు తొడిగినవంతే.”

“ఇండ్ల ఒక్క మాటన్న తెలుగుదున్నదా?”

“వరుస తెలుగుదే. ఓల సిమ కేరు, నువ్వు నీళ్ళు తాగు. సరే, మరి వాడు తాగిండు, సార్ తాగిన్రు, ఈ రెండు ఎట్ల చెప్తవ్?”

ఫ్రాన్సిస్ పేజీలు తిరగేశాడు. చూస్తే ‘మీరు’ ఒక్క మాట కాదు. రా, రండి, వాడు, అతను, ఆయన. చేనులో గరికలాగా ఒకచోట పీకితే ఇంకోచోట వేరు కదులుతోంది. నోట్‌బుక్కును మూలకు విసిరి, రెండోది మొదలుపెట్టాడు. ఈసారి క్రియ ముందు, మనిషి వెనుక. వాడైనా ఆయనైనా ‘నేబ’ ఒక్కటే. కానీ రాసిన మాటలు తెల్లారేసరికి గుర్తుండేవి కావు. తాను పుట్టించిన మాటకు తానే అర్థం వెతుక్కుంటుంటే ఒళ్ళు మండేది.

ఒక ఆదివారం చర్చికని నెక్కొండ నుంచి తల్లి ఏసమ్మ వచ్చింది. కొడుకు పెన్ను బల్లకేసి కొట్టడం చూసి, సంగతేంటో అడిగి తెలుసుకుంది.

“ప్రార్థనల దేవుణ్ణి ఏమంటం, కొడుకా?”

“నీవు అంటం.”

“నన్నేమంటవ్?”

“నువ్వు.”

“మరింక తప్పు మాటల యాడున్నది?”

“మాటల లేకపోతే యాడున్నదే అవ్వా?”

“నాకేం ఎరుక? సదువుకున్నోనివి, నువ్వే చూస్కో.”

ఆ మాటతో ఉన్న చిరాకు రెట్టింపయింది. తన ‘ఓల’ ఏ నువ్వు? అమ్మను పిలిచేదా, రమాకాంత్ తనను పిలిచేదా? ఎంత రాసినా కాగితం మీద అది తేలలేదు.

మర్నాడు ఆఫీసులో ఫ్రాన్సిస్ స్టూలు మీద పెట్టుకున్న నోట్‌బుక్కు రమాకాంత్ కంటపడింది.

“ఏంది ఫ్రాన్సిస్, కవితలు రాస్తానవా?”

“భాష రాస్తాన.”

“ఏదీ, ఒక ముక్క మాట్లాడు.”

ఫ్రాన్సిస్ లేచి నిలబడ్డాడు. అతని మొహంలోకి సూటిగా చూస్తూ, “దబి ఓల” అన్నాడు. కూర్చో నువ్వు. ఆ ఆఫీసులో ఎవరినైనా ఆయన అలా అనడం అదే మొదటిసారి.

“మంచిగున్నదే! అంటే ఏంది?”

“మీరు కూర్చోండి అని, సార్.”

నాలుక ఆయన్ను అడగనే లేదు. రమాకాంత్ నవ్వుతూ కూర్చున్నాడు. అతని మీద ఫ్రాన్సిస్‌కు కోపం రాలేదు. కోపమంతా తన నోటి మీదే.

సాయంత్రం విషయం విని కీర్తన, “అర్థం చెప్పకుండ ఊకుంటే అయిపోతుండె గదా డాడీ” అంది.

“అర్థం చెప్పకపోతే అది భాషెట్లయితది?” అని అరిచాడు.

ఆమె నొచ్చుకుంది. అయినా రెండు రోజులకు ఆయన నోట్‌బుక్కు తీసి, తన చేతిరాతతో ఇరవై కొత్త మాటలు చేర్చింది. అందులో ఆరు ఆయనకు అస్సలు నచ్చలేదు, కొట్టేశాడు. ఆమె మళ్ళీ రాసింది.

ఇప్పుడు నడుస్తున్నది మూడో నోట్‌బుక్కు. మాటలు రెండు వందలు దాటాయి, మాట్లాడేవాళ్ళు ఇద్దరు. జరిగిపోయినదాన్ని చెప్పడానికి గుర్తు క్రియకు ముందు పెట్టాలని కూతురు, వెనుక పెట్టాలని తండ్రి. మొన్నటి నుంచి ఆ గొడవ మీద ఇద్దరికీ ఏ భాషలోనూ మాటల్లేవు.