ముసలయ్య చింపిన శనివారం

"ఫోనే రాలేదనుకో తాతా! నీ నోట్ల నుంచి మాట బయటికి రాకుంటె సాలు. గంతే."

"వచ్చింది గదమ్మా. పది నిమిషాలు మాటాడేను. రాలేదని ఎలాగనుకుంటాను?"

"దేవుడే లేడంటవ్ గద నువ్వు! దేవుడే లేకుంటె మైల యాడికెళ్ళి వచ్చింది? నీకేం పని?"

"నాకు లేదు. ఆడికుంది."

నేను గాజు గదిలో రిసీవర్ చెవికి పెట్టుకుని నిలబడ్డాను. అవతల అమీర్‌పేట కోచింగ్ సెంటర్ అమ్మాయి కోర్సుల పేర్లు ఏకరువు పెడుతోంది. ఒక్కటీ బుర్రకెక్కలేదు. తలుపు సందులోంచి వచ్చే ముసలయ్య, సుమిత్రల తగాదాయే వింటున్నాను. చివరికి ఫోన్ పెట్టేసి బయటికొచ్చాను.

ఆ ఎస్టీడీ బూత్ ముసలయ్యది. మెట్టుగూడ మెయిన్ రోడ్డు మీద, మా గల్లీ మొదట్లో ఉంటుంది. పుట్టినప్పుడే ఆ పేరు పెట్టారట. పేరుకు తగిన వయసు ఇప్పటికొచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలో వచ్చి, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైరయ్యాడు. ఇన్నేళ్ళున్నా యాస మాత్రం రైలెక్కిన నాటిదే. బూత్‌లో దేవుడి పటం ఉండదు. కొత్తవాళ్ళు చూసి, క్రిస్టియనా అని అడిగితే, "ఆ దేవుడూ లేడు" అనేవాడు. ప్రసాదం పెడితే మాత్రం కాదనడు. తిని, పులిహోరలో ఉప్పు తగ్గిందని కూడా చెబుతాడు.

హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు పోయేవాళ్ళ జేబుల్లో సెల్‌ఫోన్లు మోగడం మొదలైన రోజులవి. మా గల్లీకి ఇంకా రాలేదు. ఏడెనిమిది ఇళ్ళవాళ్ళు ముసలయ్య నంబరునే తమ నంబరని చుట్టాలకిచ్చుకున్నారు. చదువు మధ్యలో వదిలేసి తిరుగుతున్న నేను, కాల్ సెంటర్లకు పంపిన దరఖాస్తుల మీద అదే నంబరు రాశాను. అందుకే రోజూ అక్కడే పడి ఉండేవాణ్ణి.

ఆ ఉదయం వచ్చిన ఫోన్ నాకు కాదు, రాజేందర్‌కు. జనగామ దగ్గర వాళ్ళ ఊళ్ళో చిన్నాయన చనిపోయాడు. సొంత చిన్నాయన, తండ్రి తమ్ముడు. రాజేందర్ అయ్యప్ప మాల వేసుకుని ఆవేళకి ఇరవై రెండు రోజులు. అయినవాళ్ళు పోతే మైల, మాల తీసెయ్యాలి. నలభై ఒక్క రోజులూ నిండవు, కొండకు పోయేదీ ఉండదు.

మాల తీస్తే ఏమవుతుందో రాజేందర్ పెళ్ళాం సుమిత్రకు తెలుసు, నాకు తెలుసు, గల్లీ అందరికీ తెలుసు. రాజేందర్ గ్రిల్ వెల్డింగ్ పని చేస్తాడు. చెయ్యి మంచిది, సాయంత్రమే మంచిది కాదు. పోయిన వానాకాలం కూతుర్ని స్కూలు నుంచి తీసుకురావడానికి పోయి, పిల్ల బ్యాగుతో వైన్ షాపులో దొరికాడు. పిల్ల స్కూలు గేటు దగ్గరే వానలో ఉంది.

అలాంటివాడు మాల వేసుకున్నాక వాసన కూడా చూడలేదు. తెల్లారి నాలుగింటికి చన్నీళ్ళ స్నానం, నల్ల లుంగీ, చెప్పుల్లేని కాళ్ళు. మాలలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు గనక పెళ్ళాంతో సహా అందరూ స్వామి అనేవాళ్ళు. ఆరేళ్ళ కూతురు కల్పలతకు ఏమనాలో తెలియక 'స్వామి డాడీ' అనేది. మా వైపు నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. రాని రోజు కోసం ముసలయ్య తన డ్రమ్ములోంచి రెండు బకెట్లు స్వామి స్నానానికని తీసిపెట్టేవాడు. నమ్మనివాడికి ఈ సేవలేంటని నేను నవ్వేవాణ్ణి. "నువ్వు నీళ్ళు పొయ్యవు, పోసినోణ్ణి చూసి నవ్వుతావు" అనేవాడు.

సుమిత్ర ఇంకా అక్కడే నిలబడింది. కళ్ళు తుడుచుకోవడం లేదు, కోపంతో ఊగుతోంది.

"ఇంక పందొమ్మిది దినాలు తాతా. కొండకు పోయొచ్చినంక చెప్తం. దేవుడు సుత మాఫ్ చేస్తడు. ఇప్పుడు చెప్తే ఏమైతదో ఎరుకేనా? సావుకాడ కల్లు పోస్తరు. బావలందరు చుట్టూ కూసుంటరు. ఇరవై రెండు దినాలు ఒక్క గ్లాసుల కొట్టుకపోతయ్."

"పోవచ్చు."

"పోవచ్చంట! గంత సులువుగ అంటున్నవ్. తాగొస్తే తెచ్చి నీ బూత్ ముందటనే పండబెడ్త, చూస్కో!"

"పండబెట్టమ్మా. గొళ్ళెం పెట్టను."

ఆమె చెంగు విసురుకుని వెళ్ళిపోయింది. నేను ఊరుకోలేదు.

"ఆమె అన్నదాంట్ల తప్పేముంది తాతా? దాస్తే ఎవలకు నష్టం? నువ్వైతే మైల నమ్మవు, మాల నమ్మవు. వాడు తాగకుంటె మంచిదే గద. మందు మానిపించే గోలీ అనుకో."

ముసలయ్య బల్ల మీది గుడ్డ తీసి, తుడిచిన ఫోన్‌నే మళ్ళీ తుడిచాడు.

"మా అప్పలలక్ష్మి శనివారాలు ఉపాసం ఉండేది" అన్నాడు. అప్పలలక్ష్మి ఆయన భార్య, చనిపోయి చాలాకాలమైంది. "వొంట్లో రగతం లేదు, ఉపాసాలొద్దని డాక్టరు చెప్పేడు. ఎంత మొత్తుకున్నా వినదు. దానికి చదువు రాదు. గోడ మీద రోజుకో కాగితం చింపే క్యాలెండరుండేది. శనివారం కాగితం రంగు ఏరు, ఆదివారానిది ఎర్ర రంగు. అది రంగు చూసి వారం తెలుసుకునేది. ఒక శనివారం పొద్దున్నే లేచి రెండు కాగితాలు చింపేసేను."

"మంచి పని చేసినవ్!"

"నానూ అలాగే అనుకున్నాను. ఎర్ర కాగితం చూసి ఆదివారమనుకుంది. నానే చేపలు తెచ్చేను. పులుసెట్టి, కడుపునిండా తింది. సాయంత్రం పక్కింటావిడ, ఈవేళ శనివారం గదా, గుడికి రావేటని పిలిచింది."

"తిట్టిందా?"

"తిడితే బాగున్ను. ఏటీ అనలేదు. తరవాత శనివారం నుంచి మళ్ళీ ఉపాసమే. కానీ ఈవేళ ఏ వారమని నన్ను అడగలేదు. పొద్దున్నే గుమ్మంలోకెళ్ళి పక్కింటావిణ్ణి అడిగేది. ఆరేళ్ళు. పోయేదాకా."

అయినా నా నోరు ఊరుకోలేదు.

"వాడు తాగితే?"

"తాగితే తాగనీ. మళ్ళీ మానతాడేమో. కొండ మీద ఏటుందో నాకు తెల్దు. ఆడు చలిలో వణుకుతూ నెత్తి మీద నీళ్ళు పోసుకోడం నా కళ్ళతో చూసేను. అది ఆడు నిజమని చేసిన పని. దాని కింద నాను అబద్ధం పెట్టలేను, బావూ."

సాయంత్రం రాజేందర్ పని నుంచి వస్తూ బూత్ ముందు ఆగాడు. నల్ల లుంగీ, కండువా, గడ్డం. ముసలయ్య లేచి నిలబడ్డాడు. వచ్చినవాడు ఎవరైనా కుర్చీలోంచి కదలని మనిషి.

"స్వామీ, కూర్చో. మీ ఊరి నుంచి ఫోనొచ్చింది. మీ చిన్నాయన పోయేడు."

రాజేందర్ కూర్చోలేదు. మెడలో తులసిమాలను గుప్పిట్లో పట్టుకున్నాడు. "ఎప్పుడు?" అన్నాడు.

"పొద్దున్న. వెల్డింగ్ షాపుకి ఫోన్ లేదు. నువ్వొచ్చేదాకా ఆగేను."

గల్లీ చివర, తనకు మాల వేసిన గురుస్వామి ఇంటికి పోయి మాల తీసి, రాజేందర్ అటునుంచటే జనగామ బస్సెక్కాడు. సుమిత్ర పిల్లను తీసుకుని వెంట పోయింది. పోతూ ముసలయ్య వైపు చూడలేదు.

నాలుగో రోజు తిరిగొచ్చారు. మర్నాడు సాయంత్రం రాజేందర్ ప్యాంటూ షర్టూ వేసుకుని, గడ్డం తీసి బూత్‌కు వచ్చాడు. ఎవరో కొత్తవాడనుకున్నాను. ముసలయ్య స్టూలు జరిపాడు. నేనే అడిగాను, మొహమాటం నాకెందుకు:

"తాగినవా అన్నా?"

"లేదు తమ్మీ. బావలు గ్లాసు చేతిల పెట్టిన్రు. పట్టుకునే కూసున్న, జెరసేపు. మీదికి నల్ల కండువనే ఉండె. ఎనకకెళ్ళి ఎవడో, మాల తీసిన సంగతి తెల్వక, 'స్వామీ జెర జరుగు, మంచం తేవాలె' అన్నడు. జరిగిన. గ్లాసు కింద పెట్టిన. మల్ల తియ్యలె."

"మరింకేం!"

"ఇయ్యాల పనికి పోయిన. మేస్త్రీ 'అరే రాజేందర్' అని కేకేసిండు. అగో, గా పేరు ఇనంగనే నోరెండింది తాతా. ఇంట్ల సుత పేరే, దుకాణంల సుత పేరే. రాజేందర్ అంటె ఎవలో నాకెరుకే గద. వైన్ షాపు ముందటికెళ్ళి వచ్చిన. ఎట్లొచ్చిన్నో నాకే తెల్వదు."

ముసలయ్య తన ఫ్లాస్కులోంచి చాయ్ వంచాడు. ముందుకు జరుపుతూ అన్నాడు: "తాగు స్వామీ."

రాజేందర్ ఉలిక్కిపడ్డాడు. "మాల లేదు తాతా. తప్పు."

"తప్పో ఒప్పో నాకేటి తెలుసు. మీ గురుస్వామిని అడుగు. తప్పంటే మానేస్తాను."

చాయ్ అక్కడే వదిలేసి రాజేందర్ గల్లీలోకి పోయాడు. పది నిమిషాల్లో వచ్చాడు. మొహంలో సగం నవ్వుంది. "పిలిచెటోళ్ళ నోరు నేనెట్ల ఆపుత అన్నడు" అని చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి ఇంటికి పోయాడు.

వాడు గల్లీ మలుపు తిరిగేదాకా ముసలయ్య చూస్తూనే ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బావూ, నీ ఉద్యోగం ఫోనొస్తే ఎక్కడున్నా వెతికి పిలుస్తానన్నాను గదా."

"అన్నవ్. ఇంక రాలే."

"వస్తాది. ఈలోగా నాదొక పని చెయ్యి. రేపు ఆరుకి ఆడు పని నుంచి వస్తాడు. వైన్ షాపుకి ఎదురుగా, రోడ్డుకి ఇటుపక్క నిల్చో. ఆడు కనపడగానే 'స్వామీ' అని గట్టిగా పిలు. సిగ్గుపడకు, బస్సులు పోతుంటాయి, గట్టిగానే పిలవాలి. నా గొంతు అంత దూరం పోదు."